గోడ కింద కుంపటి

పెళ్ళికాని ఆడపిల్లను గుండెల మీద కుంపటి అనేవాళ్ళు మా అవ్వ కాలంలో. ఆ మాట నాకు ఏనాడూ నచ్చలేదు. నా కూతురు నాకు కుంపటి కాదు, చలికాలంలో దుప్పటి అని వాదించేదాన్ని. పోయిన నవంబరులో సియాటిల్ వెళ్ళి ఆ దుప్పటి పక్కన కూర్చున్నాక తెలిసింది, ఈసారి కుంపటిని నేనే అయ్యానని. అదీ వాళ్ళింట్లో గోడ కింద ఉన్న ఇంకో కుంపటి మూలంగా.

మాది కొత్తచెరువు. పేరులో చెరువు ఉందే గాని, అనంతపురం సీమ సంగతి మీకు తెలియంది కాదు. వాన కోసం పైకి చూసి చూసి మెడలు నొప్పులు పుట్టే చోటు. పుట్టపర్తికి వచ్చేవాళ్ళు దిగే ప్రశాంతి నిలయం రైలు స్టేషను మా ఊళ్ళోనే ఉందని చెబితే గాని బయటివాళ్ళకు మేమెవరమో తెలియదు. 2022 నుంచి జిల్లా కూడా మారి శ్రీ సత్యసాయి జిల్లా అయింది. జిల్లా మారినా ఎండ మారలేదు. మాకు చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున కళ్ళాపి చల్లేటప్పుడు వేళ్ళు కొంకర్లు పోవడం, అంతే. దానికి ఇంత చెనక్కాయ పొట్టుతో మంట, ఒక గ్లాసు కాఫీ చాలు.

మావారికి బస్టాండు దగ్గర మోటార్లకు వైండింగు చేసే అంగడి ఉండేది. బోర్ల మీద బతికే ఊళ్ళలో వైండింగు మేస్త్రీకి డాక్టరుకున్నంత గిరాకీ. కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చేది, మోటారు కాలేది, రైతు తెల్లవారకముందే మా తలుపు తట్టేవాడు. నేను చదివింది పదో తరగతే గాని, ఆయనకు అన్నం తీసుకెళ్ళి అంగట్లో కూర్చున్న ముప్పై ఏళ్ళలో రాగితీగ గురించి కాస్త తెలిసింది. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ తీగలు అమ్మేశాను, ఆ తెలివి మాత్రం మిగిలింది.

సియాటిల్‌లో నాకిచ్చిన గది బాగుంది. కిటికీలోంచి దేవదారు చెట్లూ, రోజంతా తుంపరా. ఆ తుంపర చూసి మొదటి వారం సంబరపడ్డాను, మా ఊరికి ఇందులో పదో వంతు పంపకూడదా అని. రెండో వారానికి సంబరం పోయి వణుకు మిగిలింది. ఆ కిటికీ కింద, గోడ అడుగున, నేలను ఆనుకుని పొడుగాటి రేకు పెట్టె ఒకటి ఉంది. బేస్‌బోర్డు హీటరంటారట. నేను మొదట చూసి చీపుర్లు పెట్టుకునే అరేమో అనుకున్నాను. అదే కుంపటి.

లోపల పెద్ద విద్యేమీ లేదు. ఒక కడ్డీ, దానికి పలచని రేకు రెక్కలు. బకెట్లో నీళ్ళు కాచుకునే హీటరుకు తమ్ముడనుకోండి. చల్లగాలి నేల మీద పాకుతూ వచ్చి కింది సందులోంచి దూరుతుంది, వేడెక్కి పై సందులోంచి లేస్తుంది. ఫ్యాను లేదు, చప్పుడు లేదు. కిటికీ కిందే ఎందుకు పెట్టారంటే, అద్దం మీదినుంచి చలి జారేది అక్కడే గనక. ఆ రాష్ట్రంలో కరెంటు సగానికి పైగా నదుల మీది ఆనకట్టల నుంచే వస్తుంది. కొలంబియా నది మీద గ్రాండ్ కూలీ అనే ఆనకట్ట 1942 నాటికే పూర్తయింది, మన నాగార్జునసాగరానికి పెద్దక్క. కరెంటు చవగ్గా దొరికిన రోజుల్లో కట్టిన ఇళ్ళకు ఇలా గదికొక హీటరు బిగించేశారు. కెనడాలో క్యూబెక్ వాళ్ళదీ ఇదే కథ.

చెప్పొద్దూ, మూడో రోజునే ఆ హీటరు దగ్గర నా పరువు పోయింది. తడి తువ్వాలు ఆరడం లేదని దాని మీద పరిచాను. అరగంటకు ఏదో కమురు వాసన. అమ్మాయి ఆఫీసు మీటింగులోంచి లేచి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! ఇల్లు తగలబెడతావా?"

"వానాకాలం కుంపటి మీద గంప బోర్లించి పసిపిల్లల బట్టలు ఆరేసుకోలేదూ మనం?"

"దాని మీద ఏదీ వేయకూడదమ్మా. కర్టెను కూడా తగలకూడదు. మంచం కూడా జానెడు దూరం జరపాలి."

సరేనన్నాను. తువ్వాలుకు గోధుమరంగు చార ఒకటి మిగిలింది. ఆ తువ్వాలు ఇప్పటికీ నా దగ్గరుంది, బుద్ధి రావడానికి.

అసలు తగవు మొదలైంది గోడ మీది మీట దగ్గర. ప్రతి గదిలోనూ గోడకు గుండ్రటి మీట ఒకటి, దానిపైన ఫారన్‌హీటు అంకెలు. దాన్నే థర్మోస్టాట్ అంటారు. మన ఇస్త్రీపెట్టెలో కూడా ఉంటుంది చూడండి, కాటన్, సిల్కు అని తిప్పుతామే, అదే ఇది. లోపల రెండు రకాల లోహపు రేకులు అతికించి ఉంటాయి. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ సాగుతుంది, దాంతో రెండూ కలిసి వంగి 'టక్' మని కరెంటు తెంపుతాయి. చల్లారితే మళ్ళీ 'టక్'. రాత్రంతా ఆ టక్కు టక్కులు లెక్కపెడుతూ పడుకునేదాన్ని. ఎందుకంటే ప్రతి టక్కూ నాకు డబ్బు చప్పుడే.

హీటరు మీద చీటీ చదివాను. 1500 వాట్లు. అంటే నలభై నిమిషాలకు ఒక యూనిట్టు. మా ఇంట్లో పాత ఫ్యాను 75 వాట్లది, అది ఒక యూనిట్టుతో పదమూడు గంటలు తిరుగుతుంది. నా ఒక్కదాని ఒళ్ళు వెచ్చబెట్టడానికి నలభై నిమిషాలకు పదమూడు గంటల ఫ్యానా! నాకు నిద్ర పట్టలేదు. లేచి మీట తిప్పేశాను. రెండు రగ్గులు, ఒక శాలువా, మంకీ టోపీ. అమ్మాయి తెల్లారి వచ్చి చూసేసరికి గది మంచుగడ్డ.

ఆమె పెంచడం, నేను తగ్గించడం. పదిరోజులు ఇదే ఆట. ఆఖరికి నాకు దగ్గు పట్టుకుంది.

ఒకరాత్రి నీళ్ళకోసం వంటింట్లోకి వెళ్తుంటే వాళ్ళ మాటలు చెవిన పడ్డాయి. వినాలని వినలేదు, నమ్మండి. "ఆ స్మార్ట్ థర్మోస్టాట్ తెప్పించు. ఫోన్లోంచి పెంచుకోవచ్చు. అమ్మ మార్చకుండా తాళం కూడా వేయొచ్చంట" అంటోంది నా కూతురు.

తాళం! బీరువాకు తాళం వేస్తారు, కోడలు బియ్యం డబ్బాకు తాళం వేసిందని కథల్లో చదువుకున్నాం. అమ్మ చలికి తాళం వేయడం ఇదే వినడం. నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చి పడుకున్నాను. మర్నాడు దోసెలు పోస్తున్నా మాట కలపలేదు. మీకూ ఇలాంటివి అనుభవమే గదా, పిల్లల ఇళ్ళలో అలిగినా కంచాలు కడుగుతూనే అలగాలి.

శనివారం పొద్దున పెట్టె వచ్చింది. చూడ్డానికి అందంగా ఉంది, నున్నగా చిన్న అద్దం బిళ్ళలాగా. అల్లుడు మంచివాడు, కంప్యూటర్ల పని. ఎవరో స్నేహితుడి ఇంట్లో ఇలాంటిదే బిగించాడట. స్క్రూడ్రైవరు పట్టుకుని నా గదికి వచ్చాడు. నేను మంచం మీద కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తున్నాను, బింకంగా.

"ఇది పెడితే కరెంటు ఆదా అత్తా, మీకూ దిగులుండదు" అన్నాడు.

"హీటరు అదే గదా నాయనా. యూనిట్టుకు అది ఇచ్చే వేడి మారదు గదా" అన్నాను.

"నిజమే" అని నవ్వాడు. "మనం లేనప్పుడు దానంతట అదే తగ్గించుకుంటుంది. ఆదా అంతా అందులోనే."

మీట సున్నాకు తిప్పాడు. హీటరు చల్లారేదాకా ఆగి, దాని మీద చెయ్యి పెట్టి చూపించాడు. "చూడండి, ఆగిపోయింది." మీట మీది మూత ఊడదీశాడు.

నేను మాట్లాడకూడదనే అనుకున్నాను. తాళం వేసుకోనీ, నాకేం అనుకున్నాను. కాని మూత ఊడగానే లోపలి తీగలు కనిపించాయి. కళ్ళు వాటి మీదికే పోయాయి, ముప్పై ఏళ్ళ అలవాటు. గంటకూ గడియారానికీ వేసే సన్నతీగలు కావవి. మోటారుకు వేసేలాంటి మందపాటి తీగలు. రెండు మీటకు తగిలించి ఉన్నాయి. వెనకాల ఇంకో రెండు కలిపి, మెలేసి, ప్లాస్టిక్ టోపీ పెట్టి దాచి ఉన్నాయి.

అప్పుడు నాకు 1987 గుర్తొచ్చింది. బుక్కపట్నం దారిలో ఒక రైతు బావి దగ్గర మోటారు ఆగిపోయిందని మావారు వెళ్ళారు. మోటారు కదలడం లేదు, కరెంటు లేదనుకుని స్టార్టరు పెట్టెలో చెయ్యి పెట్టారు. మూడు ఫేజుల్లో పోయింది ఒకటే. తక్కిన రెండూ బతికే ఉన్నాయి. ఆయన్ని ఎత్తి గట్టుకు కొట్టింది. మోచేతి దగ్గర ఆ మచ్చ పోయేదాకా ఉంది. అప్పటినుంచీ అంగట్లో పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి పిల్లాడికీ మొదటి రోజు అదే మాట చెప్పేవారు: మోటారు ఆగిందని కరెంటు ఆగిందనుకోవద్దు.

"నాయనా, చెయ్యి తియ్యి" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను. అతను ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"భయం లేదత్తా, థర్మోస్టాట్ తీగల్లో ఇరవై నాలుగు వోల్టులే ఉంటుంది. పట్టుకున్నా ఏమీ కాదు."

"ఇరవై నాలుగుకు ఇంత లావు తీగ ఎవడు వేస్తాడు? ఆ పెట్టె మీద ఏం రాసుందో చదువు. ఆ హీటరు చీటీ మీద ఏం రాసుందో అదీ చదువు. తర్వాత ముట్టుకో."

చదివాడు. కొత్త పెట్టె మీద సన్నటి అక్షరాల్లో 24 వోల్టులు. హీటరు మీద 240. ఒక్క సున్నా తేడా. అతని మొహం తెల్లబోయింది. నా గొంతూ తడారింది, అది అతనికి కనిపించనివ్వలేదు.

తర్వాత ఇద్దరం కూర్చుని తీరిగ్గా తెలుసుకున్నాం. స్నేహితుడి ఇంట్లో ఉన్నది కింద ఒకే పెద్ద కొలిమి, దాని వేడిగాలి గొట్టాల్లోంచి అన్ని గదులకూ వస్తుంది. అక్కడ థర్మోస్టాట్ చేసేది కొలిమికి కబురు పంపడమే, అందుకు 24 వోల్టులు చాలు. గదుల్లో ఈ బేస్‌బోర్డు హీటరున్న చోట కబురు కాదు, హీటరు తాగే కరెంటు మొత్తం ఆ మీటలోంచే పోతుంది. కబురు మోసేవాడి నెత్తిన బియ్యం మూట పెడితే ఏమవుతుంది? ఆ అద్దం బిళ్ళ కాలిపోయేది, దానితో గోడ కూడా అంటుకునేదేమో. ఇంకొకటి కూడా. మన ఇళ్ళల్లో ఒక ఫేజు, ఒక న్యూట్రలు, 230 వోల్టులు. వాళ్ళకు మామూలు ప్లగ్గులో 120. హీటరుకు మాత్రం ప్రాణమున్న తీగలు రెండు కలిపి 240 ఇస్తారు. పాత మీట ఆ రెండింటిలో ఒక్కదాన్నే తెంపుతుంది. హీటరు చల్లారుతుంది, నిజమే. టోపీ కింద దాక్కున్న రెండో తీగ మాత్రం మేలుకునే ఉంటుంది. తెంపిన తీగలోనూ మీటదాకా కరెంటు ఉండనే ఉంటుంది. అన్నీ ఆపాలంటే కరెంటు పెట్టె దగ్గర జంట బ్రేకరును దించాలి, దించాక కూడా టెస్టరుతో చూసుకోవాలి.

ఆ పెట్టె వెనక్కి పంపేశారు. 240 వోల్టులకని చేసిన వేరే రకం తెప్పించి, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ను పిలిచారు. తలుపు తీస్తే ఎదురుగా నడుముకు పనిముట్ల పట్టీ కట్టుకుని ఒక ఆడమనిషి! ముప్పై ఏళ్ళుంటాయి. నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. ముప్పై ఏళ్ళు అంగట్లో కూర్చున్నాను, నేను స్క్రూడ్రైవరు పట్టుకుంటానని మావారు అనుకోలేదు, నేనూ అడగలేదు. ఆమె బ్రేకరు దించింది, ప్రతి తీగనూ టెస్టరుతో విడివిడిగా చూసింది, టోపీ విప్పి ఆ రెండో తీగను కూడా కొత్త థర్మోస్టాట్‌కు తగిలించింది. ఈ కొత్తవి తమ అద్దం వెలగడానికి, ఫోనుతో మాట్లాడ్డానికి తామే కాస్త కరెంటు తాగుతాయి, అందుకని చాలావాటికి రెండు తీగలూ కావాలట. గంటలో పని అయింది. రెండు ఓళిగలు పెట్టి, నెయ్యి వేసి ఇచ్చాను. ఒకటి తిని, ఒకటి కాగితంలో చుట్టుకుని తీసుకుపోయింది.

థర్మోస్టాట్‌ను కనిపెట్టిన కథ కూడా అల్లుడే ఆ సాయంత్రం చెప్పాడు. విస్కాన్సిన్‌లో వారెన్ జాన్సన్ అనే పంతులుండేవాడట. గది వెచ్చగా ఉందో లేదో చూడటానికి నౌకరు మాటిమాటికీ క్లాసులోకి వచ్చి పాఠం చెడగొడుతున్నాడని విసిగి, గదిలో చలి పెరిగితే నౌకరు దగ్గర గంట మోగే ఏర్పాటు చేశాడు. 1883లో పేటెంటు కూడా తీసుకున్నాడు. అంటే, మాటిమాటికీ గదిలోకి వచ్చి చూసే మనిషిని తప్పించుకోవడానికి పుట్టిందన్నమాట ఈ యంత్రం! "మా అమ్మాయి కూడా అందుకే తెప్పించింది" అనేశాను, నవ్వుతున్నట్టుగా. అల్లుడు లేచి వెళ్ళిపోయాడు. అమ్మాయి మాత్రం కదల్లేదు.

"విన్నావా ఆరోజు?" అంది.

"విన్నా. తాళం వేసుకో, నీ ఇల్లు."

ఆమె చాలాసేపు చేతిగోళ్ళు చూసుకుంది. తర్వాత మెల్లిగా అంది. "నాన్నకు జ్వరమొచ్చిన రాత్రి నువ్వు ఫోను చేశావు గుర్తుందా? వణుకుతున్నారు, దుప్పట్లు చాలడం లేదు అన్నావు. ఊపిరితిత్తులకు సోకిందని మర్నాడు గాని తెలియలేదు. నేనిక్కడ ఈ హాల్లో కూర్చుని ఉన్నా. హాలు వెచ్చగా ఉండింది. నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. టిక్కెట్టు దొరికి వచ్చేసరికి అయిపోయింది. ఇప్పుడు నువ్వు నా ఇంట్లోనే దగ్గుతున్నావు. నీ గదైనా నా చేతిలో ఉండనీయమ్మా."

నేనేమంటాను? మీరైతే ఏమంటారు? మూడేళ్ళుగా ఆ రాత్రి నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆయన కాళ్ళు రుద్దింది నేను, వేడినీళ్ళ సీసా పెట్టింది నేను. వెచ్చటి హాల్లో కూర్చున్నదానికి కూడా అదే చలి అంటుకుందని నాకు తోచనే లేదు. నేను తిప్పేసిన ప్రతి మీటా ఆమెకు ఆ రాత్రినే చూపించిందన్నమాట.

మేమిద్దరం పంచాయితీ చేసుకున్నాం. తాళం లేదు. మీట నా చేతిలోనే. కాని రాత్రి 65కు, అంటే మన లెక్కలో పద్దెనిమిది దాటి, అంతకు తగ్గించకూడదు. ఇళ్ళలో చలికాలం పద్దెనిమిది డిగ్రీలకు తగ్గకుండా చూసుకోమని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018లో చెప్పిందని ఫోన్లో చూపించింది, నా మాట మీద నమ్మకం లేకపోతే చదువుకో అని. ఎవరూ లేని పగటివేళ గది దానంతటదే చల్లబడాలి, అది నా షరతు. ఆ యాప్ నా ఫోన్లో కూడా వేశారు. గదికి పేరు పెట్టమంటే 'అవ్వ గది' అని మా మనవరాలు తెలుగులో కొట్టింది. దగ్గు వారంలో తగ్గింది. నెల బిల్లు వచ్చినప్పుడు ఎంతని అడగబోయి ఊరుకున్నాను.

సంక్రాంతి దాటాక కొత్తచెరువు వచ్చేశాను. ఇది రాసేవేళకు ఇక్కడ అప్పుడే ఎండలు చురుక్కుమంటున్నాయి, మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చున్నా చెమటే. అక్కడింకా చలి వదల్లేదు. ఫోన్లో ఆ యాప్ అలాగే ఉంది, తీసేయడం నాకు రాదు. చేతనైనా తీయను. నా గదిలో ఇప్పుడు మనవరాలు పొద్దున ఆరింటికి లేచి చదువుకుంటోంది. వాళ్ళకూ మనకూ ఈ నెలల్లో పదమూడున్నర గంటల తేడా. రోజూ సాయంత్రం ఏడింటికి దేవుడి దగ్గర దీపం పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, ఫోను తెరుస్తాను. అక్కడ తెల్లవారుజాము అయిదున్నర. 'అవ్వ గది' 60లో ఉంటుంది, ఎవరూ లేరు గదా అని చల్లగా. రెండు వేళ్ళతో జరిపి 68 చేస్తాను. చిన్నది లేచి కూర్చునేసరికి గది వెచ్చగా ఉండాలి.

మొన్న అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, ఆ గది పొద్దున్నే పెంచుతున్నది నువ్వేనా? ఈ నెల బిల్లు చూశావా?"

"నలభై నిమిషాలకు ఒక యూనిట్టే" అన్నాను. "పిల్ల చలిలో చదవాలా ఏంది?"